మొదటి కారవాన్‌ని ఇంటికి తెచ్చుకునే రోజు

ప్రశ్న: అన్నా, నమస్తే. మాది గుంటూరు, పదేళ్లుగా ఇంగ్లండ్‌లో లెస్టర్‌లో ఉంటున్నాం. హల్ దగ్గర ఒక డీలర్ దగ్గర 2014 మోడల్ నాలుగు బెర్తుల కారవాన్‌కి (కారు వెనక కట్టి లాగే చక్రాల ఇల్లు) అడ్వాన్స్ కట్టాం, వచ్చే నెల తెచ్చుకోవాలి. నాకు ఇక్కడి లైసెన్స్ 2019లో వచ్చింది. ఇంతవరకు చిన్న ట్రైలర్ కూడా లాగలేదు. కారు కర్బ్ వెయిట్ (సామాను లేని కారు బరువు) 1,500 కిలోలు, కారవాన్ ప్లేటు మీద పూర్తి బరువు 1,250 అని ఉంది. డీలర్ "గంటలో అన్నీ చూపించి పంపించేస్తాం" అన్నారు. పిల్లల్ని కూడా తీసుకెళ్లి, తిరిగొచ్చేటప్పుడు దారిలో ఒక రాత్రి అందులోనే పడుకుని రావాలని ఇంట్లో అందరికీ ఉత్సాహంగా ఉంది. నాకు మాత్రం టెన్షన్‌గా ఉంది. ఏమేం చూసుకోవాలి?
– ఒక పాఠకుడు, లెస్టర్

జవాబు: తమ్ముడూ, ముందు ఒక్క మాట. ఆ రోజు పిల్లల్ని తీసుకెళ్లకండి, దారిలో రాత్రి ఉండే ప్లాన్ కూడా పెట్టుకోకండి. ఆ రోజు పని ఒక్కటే, నేర్చుకోవడం, నెమ్మదిగా ఇంటికి చేర్చడం. వెనక సీట్లో పిల్లలు ఆకలి అంటుంటే, క్యాంప్ సైట్ వాళ్లు చెప్పిన టైముకి చేరాలన్న తొందర ఉంటే, మీరు డీలర్ చెప్పేదానికి తలూపుతారే గానీ వినరు. పక్కన ఒక పెద్దమనిషిని, ఇంట్లోవాళ్లనో స్నేహితుడినో, కూర్చోబెట్టుకోండి చాలు. పొద్దున్నే అపాయింట్‌మెంట్ తీసుకోండి. సాయంత్రం నాలుగింటికి తాళాలు చేతికిస్తే, చలికాలంలో అయితే మొదటిసారి లాగేది చీకట్లోనే.

లైసెన్స్ గురించి బెంగ వద్దు. 1997 నుంచి కారు టెస్టు పాసైనవాళ్లు బరువైన కారవాన్ లాగాలంటే ఇంకో టెస్టు పాసవ్వాల్సి వచ్చేది, 2021 డిసెంబరు 16 నుంచి ఆ అవసరం పోయింది. మామూలు కారు లైసెన్స్‌తోనే 3,500 కిలోల వరకు లాగొచ్చు. కానీ టెస్టు అవసరం లేదంటే నేర్చుకోవక్కర్లేదని కాదు. కారవాన్ అండ్ మోటర్‌హోమ్ క్లబ్, క్యాంపింగ్ అండ్ కారవానింగ్ క్లబ్ రెండూ కొత్తవాళ్లకి టోయింగ్ శిక్షణ ఇస్తాయి. మీకు నెల టైముంది కదా, ఒకరోజు కోర్సు దొరికితే తెచ్చుకునే ముందే చేసేయండి. ఆ డబ్బు దండగ అన్నవాళ్లు నాకింతవరకు తగల్లేదు.

ఇక బరువు. కొత్తగా లాగేవాళ్లకి ఇక్కడ అందరూ చెప్పేది 85 శాతం, అంటే కారవాన్ పూర్తి బరువు కారు కర్బ్ వెయిట్‌లో 85 శాతం దాటకూడదు. ఇది చట్టం కాదు, అనుభవం మీద వచ్చిన సలహా. మీ లెక్క 83 శాతం దగ్గర వస్తోంది, బాగుంది. చట్టం చూసేది వేరు. కారు తలుపు దగ్గరో బానెట్ కిందో ఉండే ప్లేటు మీద కారూ ట్రైలరూ కలిపి ఎంత బరువు ఉండొచ్చో రాసి ఉంటుంది. అది దాటకూడదు. ఆ అంకె అసలు లేకపోతే ఆ కారుతో లాగనే కూడదు, టోబార్ (కారు వెనక ట్రైలర్ తగిలించే కడ్డీ) వేసి ఉన్నా సరే. కొన్ని హైబ్రిడ్, ఎలక్ట్రిక్ కార్లకి ఈ చిక్కు ఉంది, అందుకే అడ్వాన్స్ కట్టినా సరే ఈ వారంలోనే వెళ్లి చూసుకోండి.

ఇంకో అంకె అడగండి, ఖాళీ బండి బరువు. దాన్ని మిరో అంటారు. అది 1,110 అనుకుందాం. అప్పుడు మీరు పెట్టుకోగలిగింది 140 కిలోలే. బ్యాటరీ ఒక్కటే 20 కిలోల పైన ఉంటుంది, ఆరు కిలోల గ్యాస్ సిలిండర్ ఇనుముతో కలిపి 15 దాకా తూగుతుంది, టెంటులా పక్కన కట్టే ఆనింగ్ ఇంకో 20. ఖాళీ బరువులో వీటిలో ఏది కలిపారో ఏది కలపలేదో డీలర్‌నే అడగండి. ఆ మిగిలిన దాంట్లోనే మన బియ్యం బస్తా, కుక్కర్లు, పచ్చడి సీసాలు, మన వాళ్లు తప్పకుండా తెచ్చే గ్రైండరు. నేను చూసినంతలో తెలుగు కుటుంబాలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. బరువైనవి ఏవైనా నేల మీద, ఇరుసుకి సరిగ్గా పైన పెట్టాలి. పై అరల్లో దుప్పట్లలాంటివే. బండి చివర్న బరువు పెడితే రోడ్డు మీద తోక ఊపడం మొదలుపెడుతుంది. నీళ్ల ట్యాంకు ఖాళీగా పెట్టుకుని బయల్దేరండి.

కారవాన్ ముందు భాగం టోబార్ బంతి మీద ఎంత బరువు మోపుతుందో దాన్ని నోస్ వెయిట్ అంటారు. కారవాన్ బరువులో 5 నుంచి 7 శాతం ఉండాలి, మీకు సుమారు 62 నుంచి 87 కిలోలు. కానీ మీ కారుకి, టోబార్‌కి, హిచ్‌కి (ఆ బంతిని పట్టుకునే కారవాన్ ముందు భాగం) వేటి పరిమితి వాటికి ఉంటుంది, అన్నిటికంటే తక్కువ అంకె ఏదో అదే మీ పరిమితి. కారుకి 75 అంటే 70–75 మధ్య పెట్టండి. కొలిచే చిన్న గేజ్ దొరుకుతుంది, కొనుక్కోండి.

వెళ్లే ముందే ఇంటి దగ్గర తేల్చుకోవాల్సినవి కొన్ని ఉన్నాయి. కారవాన్ వెనక మీ కారు నంబరే ఉండాలి, పసుపు ప్లేటు మీద. దాన్ని చేసే షాపువాళ్లు కారు లాగ్‌బుక్ (రిజిస్ట్రేషన్ కాగితం), మీ గుర్తింపు కాగితం అడుగుతారు కాబట్టి ముందే చేయించి పట్టుకెళ్లండి. పొడిగించిన అద్దాలు కొనండి. కారవాన్ కారుకంటే వెడల్పు, మామూలు అద్దాల్లో దాని పక్కలే కనిపిస్తాయి తప్ప రోడ్డు కనిపించదు. పోలీసులు ఆపితే 1,000 పౌండ్ల వరకు జరిమానా, లైసెన్స్ మీద మూడు పాయింట్లు. ఇన్సూరెన్స్ వాళ్లకి ఫోన్ చేసి అడగండి. మామూలుగా కారు పాలసీ, లాగేటప్పుడు కారవాన్ ఇంకొకరికి చేసే నష్టం వరకు చూస్తుంది, మీ కారవాన్‌కి జరిగే నష్టాన్ని చూడదు. దానికి వేరే పాలసీ తీసుకుని, అది తెచ్చుకునే రోజు పొద్దున నుంచే మొదలయ్యేలా పెట్టుకోండి.

ఇప్పుడు డీలర్ దగ్గరికి వచ్చాం. గంట చాలదు, రెండు మూడు గంటలు కావాలని ముందే చెప్పండి. హీటరు, ఫ్రిజ్, పంపు, ఇవన్నీ తర్వాత పుస్తకం చూసైనా నేర్చుకోవచ్చు, వీడియో తీసుకోండి. కానీ కారుకి తగిలించడం, విప్పడం మాత్రం వాళ్లు చేస్తుంటే చూడకండి, మీ చేతులతో మీరు చేయండి, వాళ్లని చూడమనండి. మూడుసార్లు. మొహమాటపడొద్దు, డబ్బు కట్టేది మీరు.

వరస ఇది. కారవాన్ హ్యాండ్‌బ్రేక్ వేసి ఉండాలి, నాలుగు మూలల కాళ్లూ పైకి తిప్పి ఉండాలి. కారుని వెనక్కి తెచ్చి బంతి హిచ్ కిందికి వచ్చాక, ముందుండే చిన్న చక్రం, జాకీ వీల్ పిడిని తిప్పుతూ హిచ్‌ని దించితే బంతి మీద టక్కున పడుతుంది. చాలా హిచ్‌లకి పచ్చ గుర్తు బయటికొస్తుంది. దాన్ని మాత్రమే నమ్మకండి, జాకీ వీల్ పిడిని మళ్లీ రెండు మూడు చుట్లు, ఈసారి కారవాన్ ముందు భాగం పైకి లేచే వైపు తిప్పండి. కారు వెనక భాగం కూడా కలిసి పైకి లేస్తే బంతిని గట్టిగా పట్టుకున్నట్టు. తర్వాత బ్రేకవే కేబుల్. ఇది చట్టప్రకారం ఉండాల్సిందే, పొరపాటున కారవాన్ విడిపోతే దాని హ్యాండ్‌బ్రేక్‌ని లాగి ఆపేది ఈ సన్నటి తీగే. టోబార్‌కి ఉన్న రింగుకి తగిలించండి, మలుపుల్లో బిగుసుకోకుండా, నేలకి రాసుకోకుండా. ఆ తర్వాత 13 పిన్నుల ప్లగ్గు. జాకీ వీల్ పూర్తిగా పైకెత్తి బిగించి, స్టెబిలైజర్ (బండి ఊగకుండా బంతిని బిగించి పట్టేది) పిడి దించండి. స్టెబిలైజర్ హిచ్ అయితే బంతి మీద గ్రీజు గానీ కొత్త పెయింటు గానీ ఉండకూడదు, ఎమెరీ కాగితంతో గీకేయాలి. ఒకరు లోపల కూర్చుని ఒకరు వెనక నిలబడి లైట్లన్నీ చూసి, గ్యాస్ కట్టేసి, కిటికీలు, పైకప్పు మూతలు బిగించి, అన్నిటికంటే చివర్న కారవాన్ హ్యాండ్‌బ్రేక్ దించండి.

టైర్ల గురించి విడిగా చెప్పాలి, ఎందుకంటే అది నాకు జరిగింది. నా మొదటి కారవాన్ టైర్ల గాడులు కొత్తవాటిలా లోతుగా ఉన్నాయి, చూసి సంతోషించాను. ఎం1 మోటర్‌వే మీద ఎడమ టైరు పేలింది. రబ్బరు ముక్కలు చక్రం పైన గూటిని చీల్చేశాయి, మేం పిల్లల్ని పట్టుకుని బారియర్ వెనక వానలో రెండు గంటలు నిలబడ్డాం. ఆ టైరు తొమ్మిదేళ్లది. అమ్మినాయన చెప్పలేదు, నేను అడగలేదు. కారవాన్ టైర్లు అరిగిపోవు, నిలబడి నిలబడి ఎండి పగులుతాయి. టైరు పక్కన డాట్ అన్న అక్షరాల వరసలో చివరి నాలుగంకెలు చూడండి. 1419 అంటే 2019లో 14వ వారం. ఐదేళ్లు దాటితే మార్చడం మంచిది, ఏడు దాటితే రోడ్డెక్కించకూడదు. మీది 2014 బండి కాబట్టి డబ్బు పూర్తిగా కట్టకముందే అడగండి, అవసరమైతే కొత్తవి వేయించమని బేరం పెట్టండి.

దారి మీకు ఎం62, ఎం18, ఎం1. హంబర్ బ్రిడ్జి మీదుగా కూడా వెళ్లొచ్చు గానీ మొదటిసారి ఆ గాలిలోకి వెళ్లొద్దు. గాలి బాగా ఉందని వాతావరణ సూచన చెబితే ఆ రోజు ప్రయాణమే మానుకుని ఇంకో రోజు అడగండి. ఎం18 మీద డాంకాస్టర్ నార్త్ సర్వీసెస్‌లో ఆగండి, కారవాన్లకి విడిగా చోటుంటుంది. అప్పటికి 30 మైళ్ల పైన వచ్చి ఉంటారు కాబట్టి వీల్ నట్లు టార్క్ రెంచ్‌తో మళ్లీ చూడండి, టైర్ల దగ్గర చెయ్యి పెట్టి ఒక పక్క ఎక్కువ వేడిగా ఉందేమో చూడండి, హిచ్, కేబుల్, ప్లగ్గు ఒకసారి చూసుకోండి. ఆ తర్వాత ఎం1లో కొంత దూరం హార్డ్ షోల్డర్ (బండి చెడితే ఆపుకునే రోడ్డు అంచు) ఉండదు, అందుకే ఈ స్టాపు వదలొద్దు.

ప్రశ్న: అన్నయ్యగారూ, మా వారు కారవాన్ బాగానే లాగుతారు, నేనూ నేర్చుకుంటున్నాను. పక్కనుంచి పెద్ద బస్సులు, లారీలు వెళ్తే వెనక బండి ఊగుతుంది, గుండె ఆగినంత పనవుతుంది. రివర్స్ అయితే అస్సలు రావడం లేదు. ఎలా?
– ఒక పాఠకురాలు, రెడింగ్

జవాబు: చెల్లెమ్మా, పెద్ద బండి దాటుతున్నప్పుడు మొదట గాలి మిమ్మల్ని పక్కకి నెడుతుంది, తర్వాత దాని వైపు లాగుతుంది. అది మామూలే. అద్దంలో బస్సు వస్తోందని ముందే చూసుకుని, మీ లేన్‌లో ఎడమ వైపుకి కొంచెం జరిగి, స్టీరింగ్ నిలకడగా పట్టుకుంటే చాలు. లారీలకి 56 మైళ్ల దగ్గర లిమిటర్ ఉంటుంది. మీరు కూడా 55 దగ్గర వాటి వెనకే దూరం ఉంచి వెళ్తే దాటడాలు తగ్గుతాయి. కారవాన్‌తో మోటర్‌వేల మీద, డ్యూయల్ క్యారేజ్‌వేల మీద పరిమితి 60, ఊళ్ల బయటి మామూలు రోడ్ల మీద 50. మూడు అంతకంటే ఎక్కువ లేన్లున్న మోటర్‌వేలో కుడి చివరి లేన్‌లోకి వెళ్లకూడదు.

నిజంగా పాములా మెలికలు తిరగడం మొదలైతే, చెప్పేది గట్టిగా గుర్తుపెట్టుకోండి. బ్రేకు తొక్కొద్దు, స్పీడు పెంచి సరిచేద్దామని చూడొద్దు, స్టీరింగ్‌ని అటూ ఇటూ తిప్పి ఎదురు పట్టొద్దు. యాక్సిలరేటర్ మీద నుంచి మెల్లగా కాలు తీసి స్టీరింగ్ నిటారుగా పట్టుకోండి, వేగం తగ్గేకొద్దీ అదే సర్దుకుంటుంది. తర్వాత దగ్గర్లోని సర్వీసెస్‌లో ఆగి సామాను ఎక్కడ పెట్టారో చూడండి, తొంభై పాళ్లు కారణం అక్కడే దొరుకుతుంది. ఆ రోజు ఇంకా వేగంగా వెళ్లాలని ఎవరైనా అంటే వినకండి, మీ వారైనా సరే.

రివర్స్‌కి ఒక చిట్కా ఉంది. స్టీరింగ్‌ని కింది వైపు పట్టుకోండి. కారవాన్ వెనక భాగం ఎటు పోవాలో చేతిని అటు జరపండి, ఎడమకి పోవాలంటే చేయి ఎడమకి. బుర్రతో తిరగేసి ఆలోచించే బాధ ఉండదు. నత్తనడకన, కొంచెం కొంచెం తిప్పండి. మెలిక పడిందనిపిస్తే ముందుకెళ్లి తిన్నగా చేసుకుని మళ్లీ మొదలుపెట్టండి, ఎన్నిసార్లయినా. ఓనర్ అనుమతి తీసుకుని ఖాళీగా ఉన్న పెద్ద కార్ పార్క్‌లో ఒక ఆదివారం పొద్దున రెండు గంటలు చేస్తే చాలు, ఆ భయం పోతుంది. వెనక నిలబడే మనిషి మాత్రం మీ అద్దంలో కనిపించే చోటే ఉండాలి, కనిపించకపోతే వెంటనే ఆపేయండి.

ప్రశ్న: సార్, ఒకాయన ఇంటి దగ్గర పాత కారవాన్ అమ్ముతున్నారు, ధర తక్కువ. కారుకున్నట్టు లాగ్‌బుక్ లేదంటున్నారు. కొనొచ్చా?
– ఒక పాఠకుడు, గ్లాస్గో

జవాబు: లాగ్‌బుక్ లేదన్నది నిజమే, బ్రిటన్‌లో కారవాన్లకి ప్రభుత్వ రిజిస్ట్రేషన్ ఉండదు, ఎంఓటీ (కార్లకి ఏటా చేసే ఫిట్‌నెస్ పరీక్ష) కూడా ఉండదు. అందుకే దొంగ బండి అంటగట్టడం తేలిక. 1992 నుంచి వచ్చిన బ్రిటిష్ కారవాన్లకి క్రిస్ అనే పథకం కింద 17 అక్షరాల నంబరు ఇచ్చారు. అది ఛాసిస్ మీదా కిటికీల మీదా ఉంటుంది. రెండూ ఒకటేనా, ఎక్కడైనా గీకేశారా చూసి, ఆ నంబరుతో క్రిస్ చెక్ చేయించండి, అప్పు బాకీ ఉందా, దొంగతనం కేసుందా తెలుస్తుంది. ఆయన ఇంటి దగ్గరే చూడండి. లేబైలో (రోడ్డు పక్కన బండ్లు ఆపే చోటు) కలుద్దాం అంటే వద్దనేయండి.

రెండోది చెమ్మ. లోపలికి అడుగుపెట్టగానే ముక్కిన వాసన వస్తే ఎంత సెంటు కొట్టినా నమ్మొద్దు. చెప్పులు విడిచి నేలంతా నడవండి, మెత్తగా దిగినట్టు అనిపించే చోటు ఉంటే పొరలు విడిపోయాయన్నమాట. కిటికీల కింద మూలలు, పై అరల లోపలి మూలలు వేలితో నొక్కండి. డ్యాంప్ మీటర్ (చెమ్మ కొలిచే పరికరం) రీడింగ్ 15 శాతం లోపుంటే మంచిది, 20 దాటితే రిపేరు ఖర్చు రాబోతోందని అర్థం. తక్కువ ధర అన్నారు కదా, ఆ తగ్గిన డబ్బు చాలాసార్లు ఇక్కడికే పోతుంది. సర్వీస్ చేసే మొబైల్ ఇంజినీర్‌ని ఒకరిని తీసుకెళ్లండి, బ్రేకులు, గ్యాస్, చెమ్మ మూడూ చూసి కాగితం మీద రాసిస్తారు. అమ్మేవాళ్లు దానికి ఒప్పుకోకపోతే ఇంకోటి చూసుకోండి.