కొత్త పాలిషింగ్ మిషన్‌కు అయిన ఖర్చంతా రిపేర్ల ఖాతాలో రాసేయొచ్చా?

బీకాం అయిపోయి బేతంచర్లలో బండల ఫ్యాక్టరీ లెక్కలు చూస్తున్నానన్నారు, కొత్త మిషన్‌కు అయిన లారీ బాడుగ, క్రేను, పునాది ఖర్చులన్నీ రిపేర్లలో వేసేయమని ఓనర్ అంటున్నాడు, వేయొచ్చా అని మీ ప్రశ్న. వేయకూడదు. తాడిపత్రిలో ఇలాంటి ఫ్యాక్టరీల లెక్కలే చాలా ఏళ్లుగా రాస్తున్నా, మార్చి వచ్చిందంటే ఈ పంచాయితీ మాకు మామూలే.

చాలామంది ఎంత డబ్బో చూసి తేల్చేస్తారు, పెద్దదైతే క్యాపిటల్ (ఆస్తి ఖరీదులో కలిసేది), చిన్నదైతే రెవెన్యూ (ఆ ఏడాది ఖర్చు) అని. అలా చూస్తే లెక్క తప్పుతుంది. కోత మిషన్ బ్లేళ్లకు ఏడాదికి ఎంత పోసినా అవి అరిగిపోయే సరుకు, రెవెన్యూనే. కొత్త మిషన్ దింపినందుకు క్రేను వాళ్లకిచ్చిన పదిహేను వేలు మాత్రం క్యాపిటల్. మీరు అడగాల్సింది ఒక్కటే: ఈ డబ్బు మిషన్‌ను మొదటిసారి తిప్పడానికి పెట్టామా, తిరుగుతున్న మిషన్ ఆగకుండా ఉండటానికి పెట్టామా? పాత మిషన్ కొని, నడిపించే ముందే బేరింగులు మార్పిస్తే అది మిషన్ ఖరీదులో కలుస్తుంది, అవే బేరింగులు రెండేళ్ల తర్వాత మారిస్తే రిపేరు. లోను వడ్డీ కూడా అంతే, మిషన్ పనిలోకి వచ్చేదాకా అయింది ఖరీదులోకి, ఆ తర్వాతది ఆ ఏడాది ఖర్చులోకి.

ఇప్పుడు మీ లెక్క చూద్దాం, అంకెలు నేను ఊరికే అనుకుంటున్నవే. మిషన్ 6,00,000, బాడుగ 30,000, క్రేను 15,000, పునాది, ఫిట్టింగ్ కలిపి 55,000, మొత్తం 7,00,000. జీఎస్టీ క్రెడిట్ తీసుకుంటే, అంటే కొన్నప్పుడు కట్టిన జీఎస్టీని మీరు కట్టాల్సిన జీఎస్టీలో తగ్గించుకుంటే, ఆ పన్నును ఇందులో కలపకండి. లెక్కల సాఫ్ట్‌వేర్ టాలీలో ఇదంతా ఫిక్స్‌డ్ అసెట్స్ (స్థిరాస్తులు) కింద ఒకే లెడ్జర్‌లోకి, అంటే ఒకే ఖాతాలోకి పోవాలి. ఆదాయపు పన్ను లెక్కలో మిషనరీకి మామూలు తరుగుదల (అరుగుదల కింద ఖరీదులోంచి ఏటా ఖర్చుగా రాసుకునే భాగం) 15 శాతం, అంటే మొదటి ఏడాది 1,05,000 ఖర్చుగా వస్తుంది, ఆ ఏడాది 180 రోజులకన్నా తక్కువ వాడితే అందులో సగమే. ఓనర్ చెప్పినట్టు బాడుగ, క్రేను, పునాది లక్ష రూపాయలూ రిపేర్లలో వేస్తే ఈ ఏడు లాభం బాగా తగ్గి కనిపిస్తుంది, ఆయనక్కావాల్సిందీ అదే. మా ఓనరొకాయన పన్ను కట్టేటప్పుడు "లాభం తక్కువ చూపించప్పా" అంటాడు, బ్యాంకు లోనుకు పోయేటప్పుడు "ఇంతేనా లాభం?" అని నన్నే కసురుకుంటాడు!

కరెంటు కనెక్షన్‌కు కట్టిన సెక్యూరిటీ డిపాజిట్ ఉంటే అటు మిషన్ ఖరీదులోనూ, ఇటు రిపేర్లలోనూ వేయకండి, తిరిగి వచ్చే డబ్బు కాబట్టి దాన్ని డిపాజిట్‌గా విడిగా చూపించాలి.

ఇంకోటి, దీన్ని కాలేజీలో పెద్దగా చెప్పరు. ఆస్తి కొనుగోలు కోసం ఒకే మనిషికి ఒక్కరోజులో 10,000 దాటి నగదు ఇస్తే, పన్ను లెక్కలో ఆ మొత్తం మిషన్ ఖరీదులో కలవదు, దానిమీద తరుగుదలా రాదు. క్రేను వాళ్లు నగదే అడుగుతారు. బ్యాంకు ద్వారానే ఇప్పించి, బిల్లు మిషన్ ఫైల్లో పెట్టుకోండి.