మెడ గడ్డల స్కానింగ్‌లో ఏఐ: ఈసీఈ విద్యార్థికి దారి ఎటు?

ప్రశ్న: మాది చిత్తూరు. తిరుపతిలో ఈసీఈ మూడో సంవత్సరం చదువుతున్నాను. మెడ గడ్డల అల్ట్రాసౌండ్ చిత్రాలను కంప్యూటర్‌తో విశ్లేషించే రంగంలోకి వెళ్లాలని ఉంది. అప్పు చేసైనా ఏఐ కోర్సులో చేర్పిస్తానంటున్నారు నాన్న. చేరమంటారా?

జవాబు: అప్పు వద్దు. పైథాన్ ప్రోగ్రామింగ్, న్యూరల్ నెట్‌వర్కులు (ఉదాహరణలు చూసి నేర్చుకునే ఏఐ ప్రోగ్రామ్‌లు) ఐఐటీల ఆన్‌లైన్ వేదిక ఎన్‌పీటీఈఎల్ పాఠాలతో ఉచితంగా నేర్చుకోవచ్చు. ముందు ఆ చిత్రం ఎలా తయారవుతుందో తెలుసుకోండి. ప్రోబ్‌ను (మెడపై ఆనించే పరికరాన్ని) కాస్త గట్టిగా నొక్కినా, గెయిన్ (సిగ్నల్‌ను పెంచే సెట్టింగ్) పెంచినా అదే గడ్డ వేరుగా కనిపిస్తుంది. ఒక కంపెనీ యంత్రం చిత్రాలతో నేర్చిన ప్రోగ్రామ్ మరో యంత్రం దగ్గర తడబడటానికి ఇదీ ఒక కారణం. సిగ్నల్ ప్రాసెసింగ్ మార్కుల కోసమే చదివి వదిలేయకపోతే, ఇక్కడ సీఎస్ఈ వాళ్ల కంటే మీకే మొగ్గు.

మెడలోని థైరాయిడ్ గ్రంథి గడ్డలతో మొదలుపెట్టండి. అమెరికన్ కాలేజ్ ఆఫ్ రేడియాలజీ 2017లో ప్రకటించిన టీఐ-రాడ్స్ పద్ధతి 5 లక్షణాలకు పాయింట్లు వేస్తుంది: గడ్డ లోపల ద్రవమా గట్టి పదార్థమా, ఎంత నల్లగా ఉంది, ఆకారం, అంచులు, లోపలి తెల్లని చుక్కలు. వెడల్పు కంటే నిలువు ఎక్కువుంటే 3 పాయింట్లు. మొత్తం పాయింట్లు, గడ్డ సైజు చూసి సూది పరీక్ష (సూదితో కణాలు తీసి చూడటం) అవసరమో కాదో డాక్టర్ నిర్ణయిస్తారు. ఇవన్నీ కంప్యూటర్ కొలవగలిగిన లక్షణాలే. లాలాజల గ్రంథుల గడ్డల్లో రకాలు ఎక్కువ, దొరికే చిత్రాలు తక్కువ. వాటిని తర్వాత చూడండి.

ప్రాజెక్టుల్లో తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఒకే రోగి చిత్రాలు కొన్ని ప్రోగ్రామ్ శిక్షణకు, కొన్ని దాన్ని పరీక్షించడానికి వెళ్తాయి. కచ్చితత్వం ఘనంగా కనిపిస్తుంది, కొత్త రోగి రాగానే బండారం బయటపడుతుంది. చిత్రాలను రోగుల వారీగా విడదీయండి. సరైన జవాబుగా సూది పరీక్ష లేదా ఆపరేషన్ తర్వాతి బయాప్సీ రిపోర్టునే తీసుకోండి.

తిరుపతిలోని స్విమ్స్ వంటి ఆసుపత్రి రేడియాలజీ విభాగానికి మీ హెచ్‌ఓడీ లేఖతో వెళ్లి, స్కానింగ్ చూడనిస్తారేమో అడగండి. ఎథిక్స్ కమిటీ అనుమతి లేకుండా రోగుల చిత్రాలు ఫోనులో తీసుకోవద్దు. సొంతంగా అల్ట్రాసౌండ్ యంత్రం కొనే ఆలోచనా వద్దు. లింగ నిర్ధారణ నిరోధానికి తెచ్చిన 1994 చట్టం కింద దానికి రిజిస్ట్రేషన్ కావాలి.

ఎంటెక్ ప్రవేశ పరీక్ష గేట్‌లో 2020 నుంచి బయోమెడికల్ ఇంజనీరింగ్ పేపర్ ఉంది. ఐఐటీ మద్రాస్, వేలూరు సీఎంసీ, తిరువనంతపురం శ్రీచిత్ర సంస్థ కలిసి నడిపే క్లినికల్ ఇంజనీరింగ్ ఎంటెక్ మీకు బాగా సరిపోతుంది. వేలూరు మీ ఊరికి పక్కనే కదా! బీటెక్‌తోనే ఆగితే, బెంగళూరు వైద్య పరికరాల కంపెనీల్లో మొదట టెస్టింగ్ పని దొరకవచ్చు. దాన్ని చిన్నచూపు చూడకండి.