పతకాలు పక్కన పెట్టి నోటీసు చూడండి

ప్రశ్న: మా అబ్బాయి డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్నాడు. కబడ్డీలో మంచి రైడర్. పదేళ్ల వయసు నుంచి తెల్లవారుజామున లేచి సాధన చేశాడు, విశ్వవిద్యాలయ జట్టుకు ఎంపికయ్యాడు. క్రీడా కోటాలో ఉద్యోగం వస్తుందని ఇల్లంతా ఆశపెట్టుకున్నాం. నాలుగు నెలల క్రితం శిక్షణ శిబిరం జరుగుతుండగా హాస్టల్లో ఒక రాత్రి గొడవ జరిగింది. మొదటి సంవత్సరం కుర్రాడికి చెవి మీద చిన్న దెబ్బ తగిలింది. మర్నాడు పీడీ (వ్యాయామ విద్య అధ్యాపకుడు) గారు నోటీసు ఇచ్చారు. తాను చూసుకుంటానని కోచ్ చెప్పడంతో జవాబు ఇవ్వలేదు. రెండు వారాలకు ర్యాగింగ్ చేశాడంటూ ప్రిన్సిపాల్ నాలుగు సెమిస్టర్లు బహిష్కరించారు. ఆ కుర్రాడిని ఎదురుగా పెట్టి అడిగే అవకాశం కూడా ఇవ్వలేదు. ఎఫ్‌ఐఆర్ నమోదైంది గానీ పోలీసులు ఒక్కసారే వచ్చారు. పోలీసు కేసుకు గడువు దాటిపోయినట్టేనా? ఆ కుర్రాడి తండ్రికి డబ్బిచ్చి, కుర్రాడు సాధనలో పడి దెబ్బ తగిలించుకున్నాడని కాగితం రాయించుకుంటే అన్నీ పోతాయని కోచ్ అంటున్నారు. ఏం చేయమంటారు?

జవాబు: మీరు ఉత్తరంతో పాటు పతకాల పత్రాలు, ఎంపిక లేఖ, అభినందన పత్రాలు పంపారు. వాటితో మీ కేసు గెలవదు. బాగా ఆడతాడన్నది జూనియర్‌ను కొట్టలేదనడానికి రుజువు కాదు. మీ అబ్బాయి భవిష్యత్తు ఆధారపడింది ఆ కట్టలో అడుగున ఉన్న రెండు కాగితాల మీద: పీడీ ఇచ్చిన నోటీసు, ప్రిన్సిపాల్ ఇచ్చిన ఉత్తర్వు.

రెండూ పక్కపక్కన పెట్టి చదవండి. నోటీసులో ఉన్న ఆరోపణ ఒక్కటే: 'అనుమతి లేకుండా రాత్రి శిబిరం విడిచి వెళ్లి జట్టు క్రమశిక్షణను ఉల్లంఘించారు.' చెవి ప్రస్తావన లేదు, జూనియర్ ప్రస్తావన లేదు, ర్యాగింగ్ అనే మాటే లేదు. ఉత్తర్వు మాత్రం ర్యాగింగ్ రుజువైందంటూ నాలుగు సెమిస్టర్ల బహిష్కరణ విధించింది. 2009 నాటి యూజీసీ (విశ్వవిద్యాలయ నిధుల సంఘం) ర్యాగింగ్ నిరోధక నిబంధనల ప్రకారం బహిష్కరణ ఒకటి నుంచి నాలుగు సెమిస్టర్ల వరకు ఉండవచ్చు. అంటే మీవాడికి పడింది అందులో గరిష్ఠ శిక్ష. ఒక ఆరోపణ మీద సంజాయిషీ అడిగి మరో ఆరోపణ మీద శిక్షించడం చెల్లదు. పైగా ఆ నిబంధనల కింద శిక్ష నిర్ణయించాల్సింది ర్యాగింగ్ నిరోధక కమిటీ. మీరు పంపిన ఉత్తర్వులో కమిటీ ఊసే లేదు. మీ కేసులో బలమంతా ఇక్కడే ఉంది.

జూనియర్‌ను ప్రశ్నించనివ్వలేదన్న వాదనను నమ్ముకోకండి. రాంచీలోని రాజేంద్ర వైద్య కళాశాల కేసులో 1973లోనే సుప్రీంకోర్టు ఈ సంగతి తేల్చింది. ఫిర్యాదు చేసిన విద్యార్థినుల వాంగ్మూలాలను నిందితులు లేనప్పుడు నమోదు చేశారు, ఆ విద్యార్థినుల పేర్లు కూడా నిందితులకు చెప్పలేదు. అయినా బహిష్కరణను కోర్టు సమర్థించింది. ఒకే ప్రాంగణంలో తిరగాల్సిన పిల్లలను ఎదురెదురుగా నిలబెట్టి అడగాలని చట్టం పట్టుబట్టదు. ఆరోపణ ఏమిటో చెప్పాలి, జవాబు చెప్పుకోనివ్వాలి. అంతవరకే.

ఇక మీ నిర్లక్ష్యం సంగతి. నోటీసుకు జవాబు ఎందుకు ఇవ్వలేదు? కోచ్ మైదానంలో గురువు కావచ్చు, కాలేజీ విచారణలో ఆయన మాటకు విలువ లేదు. 'నాపై ఆరోపణ శిబిరం విడిచి వెళ్లడం మాత్రమేనా, మరేదైనా ఉందా' అని ఆ రోజే ఒక్క పేజీ రాసి, అందినట్టు ముద్ర వేయించుకుని ఉంటే ఈరోజు మీ చేతిలో తిరుగులేని ఆధారం ఉండేది. ఇప్పుడు కాలేజీ 'అవకాశం ఇచ్చాం, వాడుకోలేదు' అంటుంది. నోటీసులోనే ఆ ఆరోపణ లేదు కాబట్టి ఆ మాటకు సమాధానం చెప్పుకోగలం. కానీ పని కష్టమైంది.

పోలీసు కేసుకు గడువు దాటిందని మీరు అనుకుంటున్నారు, అది పొరపాటు. 1997 నాటి ఆంధ్రప్రదేశ్ ర్యాగింగ్ నిషేధ చట్టం రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ అమల్లో ఉంది. ర్యాగింగ్‌లో గాయపరిస్తే రెండేళ్ల వరకు జైలు. అలాంటి నేరాన్ని విచారణకు స్వీకరించడానికి కోర్టుకు మూడేళ్ల వ్యవధి ఉంటుంది. మీరు 'చిన్న దెబ్బ' అన్నదాన్ని, మీరే పంపిన ఆసుపత్రి చీటీలో డాక్టరు 'కర్ణభేరికి రంధ్రం' అని రాశారు. ఆ వాక్యం మీరు చదివారా? ఆ పిల్లవాడికి ఆ చెవి వినికిడి శాశ్వతంగా పోతే అది తీవ్ర గాయం అవుతుంది. అప్పుడు శిక్ష ఐదేళ్ల వరకు, కాలపరిమితి అన్నదే ఉండదు. జైలు శిక్ష పడితే కాలేజీ నుంచి తొలగించాల్సిందే. ఆరు నెలలు మించిన శిక్ష అయితే మరే విద్యాసంస్థలోనూ ప్రవేశం ఉండదు.

కాబట్టి కోచ్ చెప్పిన దారిలో ఒక్క అడుగు కూడా వేయకండి. ర్యాగింగ్ చట్టం కింద నేరాలను మేజిస్ట్రేటు ముందు రాజీ చేసుకోవడానికి వీల్లేదు. నిజమైన రాజీ ఉంటే హైకోర్టు కేసు కొట్టివేసే అవకాశం ఉంది గానీ, డబ్బిచ్చి రాయించుకున్న అబద్ధం రాజీ కాదు. అబద్ధం చెప్పమని ఎవరైనా బెదిరిస్తే నేరాల చట్టమైన భారతీయ న్యాయ సంహిత 232వ సెక్షన్ కింద అది వేరే నేరం. సాధనలో పడితే కర్ణభేరి అలా చిరుగుతుందా అని డాక్టరును అడిగిన రోజున ఆ కాగితం మీ మెడకే చుట్టుకుంటుంది.

మరో సంగతి. మర్నాడు ఉదయం మీ అబ్బాయి ఆ జూనియర్‌కు 'సారీ తమ్ముడూ, రాత్రి చెయ్యి కాస్త గట్టిగా పడింది' అని వాట్సాప్‌లో పంపాడని, తర్వాత చెరిపేశాడని మీరే రాశారు. అవతలి ఫోనులో అది అలాగే ఉండవచ్చు. సాక్ష్యం కోర్టుకు చేరకుండా ఎలక్ట్రానిక్ రికార్డును నాశనం చేయడం అదే సంహిత 241వ సెక్షన్ కింద నేరం. ఇకమీదట ఆ ఫోనులో ఏదీ చెరపకండి, ఫోను మార్చకండి, అమ్మకండి.

చేయాల్సిన పని చెబుతాను. మీది అనుబంధ కళాశాల కాబట్టి ఆ ఉత్తర్వుపై అప్పీలు వైస్ ఛాన్సలర్‌కు వెళుతుంది. ఈ వారంలోనే దాఖలు చేయండి. నోటీసుకూ ఉత్తర్వుకూ పొంతన లేదని, కమిటీ నిర్ణయం లేదని, శిక్ష గరిష్ఠమని, ఈ మూడే రాయండి. ఆ రాత్రి ఏం జరిగిందో ఒక్క వాక్యం కూడా లాయరు చూడకుండా రాయకండి. అక్కడ రాసింది క్రిమినల్ కేసులోకి వస్తుంది. అప్పీలుతో పాటే హాస్టల్ వరండా సీసీ కెమెరా దృశ్యాలను భద్రపరచాలని ప్రిన్సిపాల్‌కు రిజిస్టర్డ్ పోస్టులో లేఖ పంపండి. నాలుగు నెలలు ఊరుకున్నారు, ఇప్పటికే చెరిగిపోయి ఉండవచ్చు. అయినా అడిగినట్టు రికార్డు ఉండాలి. వైస్ ఛాన్సలర్ నాన్చితే హైకోర్టులో రిట్ (ఉత్తర్వును సవాలు చేసే పిటిషన్) వేయవచ్చు. రిట్‌కు నిర్ణీత గడువు లేదు గానీ ఇన్నాళ్లూ ఏం చేశారని కోర్టు అడుగుతుంది.

అయితే ఉత్తర్వు రద్దయినంత మాత్రాన మీవాడు నిర్దోషి అయిపోడు. కాలేజీ సరైన నోటీసు ఇచ్చి మళ్లీ విచారిస్తుంది, అలా విచారించాలి కూడా. చెవి దెబ్బతిన్న పిల్లవాడికి ఆ హక్కు ఉంది. అప్పుడు శిక్ష ఒకటి రెండు సెమిస్టర్లకు తగ్గవచ్చు. ఈ ఏడాది పోటీల్లో ఆడనివ్వాలని మధ్యంతర ఉత్తర్వు అడగమంటారేమో, నేను అడగను. కళాశాల తరఫున ఆడకుండా నిలిపివేయడం ఆ నిబంధనల్లో రాసి ఉన్న శిక్షే. కొట్టినవాడికి ఒక సీజన్ పోవడం అన్యాయం కాదు.

వైద్యం ఖర్చులు భరించాలని మీకు నిజంగా ఉంటే భరించండి. కాలేజీ ద్వారా, బ్యాంకు ఖాతాలోకి, ఏ షరతూ లేకుండా. ఆ ఇంటికి కోచ్‌ను గానీ జట్టు కుర్రాళ్లను గానీ పంపకండి. పోలీసుల నుంచి హాజరు నోటీసు వస్తే ఈసారి చెప్పిన తేదీకి, చెప్పిన సమయానికి లాయరుతో కలిసి వెళ్లండి. నా దగ్గరకు వచ్చేటప్పుడు నోటీసు, ఉత్తర్వు రెండింటి అసలు ప్రతులు, అవి చేతికందిన తేదీ రాసిన కవర్లు తీసుకురండి.