ద్వారం వెంకటస్వామి నాయుడుగారు వయొలిన్‌కి చేసిన మేలు ఏమిటి?

ఒక్క మాటలో చెప్పాలంటే, గాయకుడి పక్కన కూర్చునే వాద్యాన్ని కచేరీ మధ్యకి తెచ్చారు. అప్పట్లో మన కర్ణాటక సంగీతంలో వయొలిన్ అంటే ఎక్కువగా పక్కవాద్యమే, పాడేవాళ్ల వెంట నడవడమే దాని పని. అలాంటిది ఈయన ఒక్కరే కూర్చుని మొత్తం కచేరీ వయొలిన్ మీదే నడిపించి, రాగం ఆలాపన దగ్గర్నుంచి అన్నీ తీగల మీదే పలికించి జనాన్ని కదలనివ్వలేదు.

పుట్టింది 1893లో బెంగళూరులో, పెరిగింది విశాఖపట్నంలో. మొదట నేర్పింది అన్నగారు వెంకటకృష్ణయ్యగారు. చిన్నప్పటి నుంచీ చూపు సరిగా ఉండేది కాదు, అయినా సాధన ఆపలేదు. 1919లో విజయనగరం సంగీత కళాశాలలో విద్యార్థిగా చేరాలని వెళ్తే, ఆయన వాయించింది విని ఏకంగా అధ్యాపకుడిగానే తీసుకున్నారు! అప్పటి ప్రిన్సిపాల్ ఆదిభట్ల నారాయణదాసుగారు. 1936లో ఆ పదవి నాయుడుగారికే వచ్చింది.

1941లో మద్రాసు మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు, 1957లో పద్మశ్రీ వచ్చాయి. 1964లో కన్నుమూశారు. నాకైతే బిరుదులకన్నా ఆయన కమాను (తీగల మీద లాగే బద్ద) పట్టులోని మెత్తదనమే పెద్ద విషయం. పాత రికార్డింగులు దొరికితే తప్పకుండా వినండి, స్వరం ఎంత నిండుగా ఉంటుందో మీకే తెలుస్తుంది.