దుకాణానికి మనిషి కావాలని రాసే ముందు

చిరంజీవి శ్రీనుకు, ఆశీస్సులు.

నువ్వు పంపిన ప్రకటన చూసిన. "మిర్యాలగూడలోని ప్రముఖ సంస్థకు చురుకైన, కష్టపడే అకౌంటెంట్ కావలెను. మగవాళ్ళకే. ఆకర్షణీయమైన జీతం." నీది రైస్ మిల్లు విడిభాగాల దుకాణమని ఇందులో ఎక్కడుంది అల్లుడూ? బద్ధకస్తుడు గూడ తనను చురుకైనవాడనే అనుకుంటడు కాబట్టి ఆ మాట ఎవ్వర్నీ ఆపదు.

ముందు ఒక కాయితం తీస్కొని, ఇప్పుడు బిల్లుల, లెక్కల పనులు ఎవరు చేస్తున్నరో వాళ్ళను కూసోబెట్టి వారం రోజుల పని రాయి. వడ్ల పొట్టు తీసే రబ్బర్ రోల్స్, బెల్టులు, బేరింగులకు బిల్లు కొట్టుడు. సాయంత్రం గల్లా లెక్క, స్టాకు సరిచూసుడు. యాభై వేలు దాటిన సరుకు పోతుంటే దాని రవాణాకు ఆన్‌లైన్‌ల ఈ-వే బిల్లు తీసుడు. నెలవారీ ఫైలింగ్ గనక 11వ తారీఖు లోపల అమ్మకాల వివరాలిచ్చే జీఎస్టీఆర్-1కు, 20 లోపల పన్ను కట్టే జీఎస్టీఆర్-3బీకి లెక్కలు ఆడిటర్‌కు అందించుడు. ఏ పనికి రోజుకు ఎంతసేపు పడుతదో పక్కనే వెయ్యి. బిల్లింగుకే సగం రోజు పోతుంటే నీకు కావాల్సింది అకౌంటెంట్ కాదు, లెక్క తెలిసిన కౌంటర్ మనిషి. పేరు అట్లనే పెట్టు. "అకౌంటెంట్" అని పిలిచి కౌంటర్ల నిలబెడితే మూడో నెల వెళ్ళిపోతడు.

తర్వాత అర్హతలు. వచ్చిన రోజే రావాల్సినవి మూడు మించనియ్యకు: కంప్యూటర్ల లెక్కలు రాసే టాలీలో బిల్లు కొట్టుడు, తెలుగు చదువుడు రాసుడు, ఫోన్‌ల మిల్లోళ్ళతో మాట్లాడుడు. ఏ మిల్లుకు ఏ సైజు రోల్ పడుతదో నువ్వు నేర్పుతవు గదా, దాన్ని అర్హతల్లో పెట్టకు. "బీకాం, ఐదేండ్ల అనుభవం" అని రాస్తే ఇంటర్ చదివి టాలీ బాగా వచ్చిన పిల్ల దరఖాస్తే పెట్టదు. "మగవాళ్ళకే" అన్న ముక్క కొట్టెయ్. నియామకంల ఆ భేదాన్ని 1976 నుంచే చట్టం ఒప్పుకోదు.

జీతం అంకెలల్లో రాయి. 14,000 నుంచి 17,000 ఇయ్యగలిగితే అదే రాయి, దేన్నిబట్టి పెరుగుతదో గూడ చెప్పు. దాస్తే పాతిక వేలు ఆశించేటోడు వచ్చి మీ ఇద్దరి పొద్దు పాడు చేస్తడు. మీరు ఆరుగురే, వైద్య బీమా ఈఎస్ఐ వర్తించాలంటే పదిమంది, భవిష్యనిధి పీఎఫ్‌కు ఇరవైమంది ఉండాలె. కట్టనిదాన్ని "ఇతర సౌకర్యాలు" అని ఊరించకు.

వేళలు మాత్రం దాచొద్దు. వానకాలం, యాసంగి వడ్లు మిల్లులకు చేరే నెలల్ల దుకాణం రాత్రి తొమ్మిదిదాకా తెరిచుంటది. నిడమనూరు, హాలియా నుంచి వచ్చేటోళ్ళకు తిరిగి బస్సు దొరకాలె గదా! ఆ నెలలేవో, ఆలస్యానికి ఏమిస్తవో, ఆదివారం సెలవో కాదో ఒక్కొక్క వాక్యంల రాయి. కొత్తోళ్ళు మధ్యలో మానేసేది ఎక్కువ ఈ కారణానికే.

చివర్న పరీక్ష సంగతి. "అరగంట టాలీ పని చేయించి చూస్తం" అని ముందే రాస్తే టాలీ రానోళ్ళు వాళ్ళంతట వాళ్ళే తగ్గుతరు. బిల్లు కొట్టనీకి సరుకుల చేతిరాత చీటి ఒకటియ్యి, అందులో ఒక వస్తువు రేటు కావాలనే తప్పుగా పెట్టు. ఆ రేటు సంగతి నిన్ను అడిగి బిల్లు కొట్టినోళ్ళ పేరు పక్కన టిక్కు పెట్టుకో.

మొత్తం ఒక పేజీ, ఫోన్‌ల రెండుసార్లు జరిపితే అయిపోవాలె. పంపే ముందు నీ కౌంటర్ మనిషితో చదివించు. "ఈ పని మనకాడ లేదే" అన్న వాక్యం తీసెయ్.

మీ మేనమామ