కూర్చున్న దేశాధినేత

సందేహం: ‘కూర్చున్న దేశాధినేతపై నేరపూరితంగా అభియోగం మోపవచ్చా?’ అన్న వాక్యం ఒక అనువాదంలో చూశాను. ఎక్కడో తేడా కొడుతోంది. ఇది సరైన తెలుగేనా? అభియోగం, అభిశంసన ఒకటేనా?

సమాధానం: తేడా కొట్టాల్సిందే. ఆయన నిలబడి ఉంటే మోపవచ్చా అని అడగాలనిపించే వాక్యం అది. పదవిని ఆసనంగా చూడటం మనకు కొత్త కాదు. గద్దె ఎక్కాడంటాం, గద్దె దిగాడంటాం. కానీ గద్దె ఊసెత్తకుండా ఒట్టి ‘కూర్చున్న’ అంటే మనిషి కూర్చున్నట్టే. ‘పదవిలో ఉన్న’ అంటే సరిపోతుంది. ‘సిట్టింగ్ ఎమ్మెల్యే’ ఎలాగూ అలవాటైపోయింది, దానితో నాకు పేచీ లేదు.

అసలు ప్రమాదం ‘నేరపూరితంగా’ దగ్గర ఉంది. ‘కోపంగా తిట్టాడు’ అంటే కోపం తిట్టినవాడిది. అదే లెక్కన ‘నేరపూరితంగా అభియోగం మోపారు’ అంటే నేరం మోపినవాళ్లది! పాపం, ప్రాసిక్యూటరే బోనెక్కాలి. ‘నేరాభియోగం మోపవచ్చా’ అనండి. మామూలు పాఠకులకైతే ‘క్రిమినల్ కేసు పెట్టవచ్చా’ అన్నా చాలు. కాకపోతే కేసు పెట్టడం ఫిర్యాదుతోనే మొదలవుతుంది, అభియోగం ఆ తర్వాతి మెట్టు.

ఇక అభియోగం, అభిశంసన ఒకటి కావు. అభియోగం కోర్టులో తేలేది, రుజువైతే శిక్ష. అభిశంసన చట్టసభ చేసేది, చివరిదాకా నెగ్గితే పదవి పోతుంది. (‘ప్రశంస’లో ఉన్న ‘శంస్’ ధాతువే ‘అభిశంసన’లోనూ ఉంది. ఉపసర్గ మారితే పొగడ్త కాస్తా నిందైంది.) ఈ రెండు మాటలూ తారుమారైతే మీ ప్రశ్నకు జవాబే తిరగబడుతుంది. మన రాష్ట్రపతినే చూడండి. రాజ్యాంగాన్ని ఉల్లంఘిస్తే 61వ అధికరణం కింద పార్లమెంటు అభిశంసించవచ్చు. క్రిమినల్ కేసు మాత్రం, 361వ అధికరణం ప్రకారం, పదవిలో ఉన్నంతకాలం కొత్తగా పెట్టకూడదు, ఉన్నదాన్ని కొనసాగించకూడదు.

దక్షిణ కొరియాలో ఒకే మనిషికి రెండూ జరిగాయి. అక్కడి రాజ్యాంగం తిరుగుబాటు, దేశద్రోహం తప్ప మరే నేరానికీ పదవిలో ఉన్న అధ్యక్షుడిపై అభియోగం మోపనివ్వదు. యూన్ సుక్ యోల్‌ను 2024 డిసెంబరు 14న చట్టసభ అభిశంసించింది. అధికారాలు ఆగిపోయాయి కానీ పదవి ఇంకా పోలేదు. ఆ సంధికాలంలోనే, 2025 జనవరి 26న, తిరుగుబాటు అభియోగం మోపారు. ఏప్రిల్ 4న రాజ్యాంగ న్యాయస్థానం ఆయన్ను తొలగించింది. ఈ వార్త రాసేటప్పుడు ఒక మాట బదులు ఇంకోటి వేస్తే తేదీలే తప్పుతాయి.

అమెరికాలో క్లింటన్‌ను 1998లో ప్రతినిధుల సభ అభిశంసించింది, 1999లో సెనేట్ నిర్దోషిగా తేల్చింది, పదవి పోలేదు. పదవిలో ఉన్న అధ్యక్షుడిపై నేరాభియోగం మోపరాదన్నది అక్కడి న్యాయశాఖ 1973లోనూ, 2000లోనూ ఇచ్చిన అభిప్రాయం. కోర్టు తీర్పు కాదు కాబట్టి ‘మోపరాదని అభిప్రాయపడింది’ అనాలి, ‘తీర్పునిచ్చింది’ అనకూడదు.

మీరు అడగలేదు గానీ, ‘దేశాధినేత’ను కూడా చూసి వాడండి. మన పేపర్లు ప్రధానుల్ని కూడా అలా పిలిచేస్తుంటాయి. 361 ఇచ్చే రక్షణ రాష్ట్రపతికి, గవర్నర్లకే, ప్రధానికి లేదు. 2019లో అవినీతి అభియోగాలు ప్రకటించింది ఇజ్రాయెల్ ప్రధాని నెతన్యాహు మీద. అక్కడ దేశాధినేత అధ్యక్షుడు, ఆయన వేరే మనిషి.