గాలి తగలని కళ్ళద్దాలు మన దగ్గర ఎవరైనా చేసిపెడతారా?

ఆన్‌లైన్‌లో తెప్పించిన గాగుల్స్‌కి ముక్కు దగ్గర సందు వస్తోందని, కళ్ళు బాగా పొడిబారిపోయాయి కాబట్టి ముఖానికి సరిపడా చేసిచ్చేవాళ్ళు కావాలని అడిగారు మీరు. బోర్డు పెట్టుకుని చేసేవాళ్ళు నాకు తెలిసి లేరు. మేం మాత్రం చేయించుకున్నాం. నర్సాపురంలో, మా వరండాలో.

మా అమ్మకి షోగ్రెన్ సిండ్రోమ్. ఒంట్లోని రోగనిరోధక శక్తే కన్నీటి గ్రంథుల్ని, లాలాజల గ్రంథుల్ని పాడుచేస్తుంది. కన్నీళ్ళు ఎంత ఊరుతున్నాయో తెలియడానికి కింది రెప్పలో కాగితం ముక్క పెట్టి అయిదు నిమిషాలు చూస్తారు కదా, మామూలుగా 10 మిల్లీమీటర్లు దాటి తడవాలి. అమ్మకి 2 దగ్గరే ఆగింది. చుట్టూ గోదావరి, కాలవలు, చేపల చెరువులు, అవతల సముద్రం. "ఇన్ని నీళ్ళ మధ్య ఉండి నా కళ్ళకే కరువొచ్చిందేంట్రా" అని తనే నవ్వింది. చుట్టాలు మాత్రం నవ్వనివ్వలేదు. ఆముదం వెయ్యమన్నారు, తేనె వెయ్యమన్నారు, చనుబాలన్నారు. చెప్పినవాళ్ళ కళ్ళల్లో ముందు తేనె పోసి చూడాలి.

డాక్టరు గారు స్క్లెరల్ లెన్సు గురించి కూడా చెప్పారు. పెద్ద లెన్సు, కంటి తెల్లభాగం మీద ఆనుకుంటుంది, లోపల సెలైన్ నిలుస్తుంది. హైదరాబాద్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రిలో ఇలాంటివి అమరుస్తారు. కానీ రోజూ పెట్టుకోవాలి, తియ్యాలి. అమ్మ వేళ్ళ కీళ్ళు వాచి ఉంటాయి, చుక్కల మందు మూత తిప్పడమే గగనం. ఇక మిగిలింది గాలిని ఆపడం. మే నెలలో, మా ఊళ్ళో, ఫ్యాన్ కట్టేసుకుని పడుకున్న మనిషిని చూశారా? నేను చూశాను.

కళ్ళద్దాల షాపుల మీద నాకో కోపం ఉంది, చెప్పేస్తాను. పవర్‌లో పావు తేడా వచ్చినా పట్టుకుంటారు. కంటిపాపల మధ్య దూరం మిల్లీమీటర్లతో సహా కొలుస్తారు. కోటింగులు మూడు రకాలు అంటగడతారు. కణత దగ్గర, బుగ్గ ఎముక దగ్గర ఎంత సందు ఉందో ఒక్కరూ చూడరు. తయారుగా వచ్చే గాగుల్స్ అయితే ఏ ముఖాన్ని చూసి పోతపోశారో, మా అమ్మ ముక్కు లాంటి ముక్కుని మాత్రం చూడలేదు.

ఒక షాపులో ఓనరు "అలాంటివి రావండీ" అని పంపించేశాడు. వెనక గదిలో అద్దాలు అరగదీసే పెద్దాయన మాత్రం మా వెనకాలే సందు చివరిదాకా వచ్చి, "ఆదివారం ఇంటికొచ్చి చూస్తానండీ" అన్నారు.

వచ్చారు. బైకు మీద వెళ్ళేవాళ్ళు పెట్టుకునే పెద్ద ఫ్రేమ్ ఒకటి తెచ్చారు. కొలతకి అట్ట కావాలన్నారు. బీరువా మీద పాత శుభలేఖలు కట్ట ఉంటే ఇచ్చాం. అమ్మ కణతకి ఆనించడం, కత్తిరించడం, మళ్ళీ ఆనించడం, అలా ఏడెనిమిది పెళ్ళిళ్ళు ముక్కలయ్యాయి. అట్ట కుదిరాక అదే ఆకారంలో పాత ఎక్స్‌రే ఫిల్మ్ కత్తిరించారు. వేడినీళ్ళలో నానబెట్టి గీకితే నలుపంతా పోయి లేత నీలం రంగులో పారదర్శకంగా వస్తుంది, చక్కగా వంగుతుంది. మొదటిసారి చిటికెలో అంటుకునే గమ్ వాడారు. దాని ఆవిరికి అద్దాలు తెల్లగా మాసిపోయాయి, అమ్మ కళ్ళు సాయంత్రం దాకా మండాయి. గమ్ మానేసి ఫ్రేముకి సన్నటి బెజ్జాలు వేసి, గాలపు దారంతో కుట్టేశారు.

సందు ఎక్కడుందో ఎలా కనిపెట్టారంటే, అంచు చుట్టూ కాటుక రాసి అమ్మకి పెట్టి, తీసేశారు. కాటుక అంటినచోట ఆనుతోంది, అంటనిచోట గాలి దూరుతోంది. నాలుగుసార్లు పెట్టి తీసేసరికి అమ్మ ముఖం దిష్టిబొమ్మలా తయారైంది. అప్పుడే చట్నీ గిన్నె తిరిగిచ్చేద్దామని వచ్చిన పక్కింటి పిన్నిగారు గుమ్మంలోనే ఆగిపోయి, "వదినా, ఏమైంది మీకు?" అన్నారు. మీ గాగుల్స్ పారేయకండి, ముందు ఈ కాటుక పరీక్ష చేసి చూడండి. కంట్లో పడకుండా, ఎముక మీద మాత్రమే.

ఫిల్మ్ అంచు కోసుకుపోతోందని ఫోమ్ అంటించారు. రెండు రోజులకి దురద. ఇక్కడ అమ్మ కలగజేసుకుంది. నలభై ఏళ్ళుగా లేసు అల్లుతోంది తను. (మా నర్సాపురం లేసుకి 2024లో జీఐ ట్యాగ్ వచ్చింది, అంటే ఇది ఈ ప్రాంతపు సరుకేనన్న అధికారిక గుర్తింపు. అల్లే ఆడవాళ్ళ కూలీకి మాత్రం ఏ ట్యాగూ రాలేదు.) సూది మీద చూపు పెట్టి రెప్ప వెయ్యడం మర్చిపోవడం వల్లే కళ్ళు ఇంకా ఎండేవని నా నమ్మకం. మూత తిప్పలేని ఆ వేళ్ళు లేసు సూది పడితే ఎలా కదులుతాయో నాకిప్పటికీ అర్థం కాదు. ఉడకబెట్టిన నూలు దారంతో దిండు గలీబులాగా అంచుకి తొడుగు అల్లింది. "ముక్కు దగ్గర రెండు కుట్లు తగ్గించాలండీ" అని ఆ పెద్దాయనకే చెప్పింది. మూడు జతలు అల్లుకుంది. రోజుకొకటి, వేడినీళ్ళలో ఉతికి ఆరేస్తుంది.

మంచు పట్టడం మాత్రం పెద్ద తలనొప్పి. లోపలి తడిగాలి చల్లటి అద్దానికి తగిలి మసకేస్తుంది, ఏసీ గదిలో మరీను. పై మూలల్లో గుండుసూది బెజ్జాలు రెండేసి వేశాక చాలావరకు తగ్గింది. చుక్కల మందు మానలేదు, రాత్రి జెల్ మానలేదు. ఈ అద్దాలు కొత్తగా కన్నీళ్ళు పుట్టించవు, ఉన్నవాటిని గాలి ఎత్తుకుపోకుండా చూస్తాయి, అంతే.

మొన్న గోదావరి అవతల సఖినేటిపల్లి వెళ్ళడానికి పంటు ఎక్కాం, బళ్ళని కూడా దాటించే పెద్ద పడవ. ఇదివరకు కొంగు కప్పుకుని బైకుల వెనక కూర్చునేది. ఈసారి రెయిలింగ్ దగ్గర నిలబడింది, ఎదురుగాలిలో, రేవు వచ్చేదాకా. ఒకావిడ "ఆపరేషన్ అయిందాండీ?" అని అడిగితే, "లేదండీ, లేసు" అంది. ఆవిడకేం అర్థమైందో.

మీకూ అల్లించి పంపమని మెసేజులు పెట్టకండి. మనిషి ఎదురుగా లేకుండా కొలత కుదరదు. వచ్చేట్టయితే శుభలేఖలు మీరే తెచ్చుకోండి, మా ఇంట్లో అయిపోయాయి.